నా తల మీద రెండు సోమాలియాలు

పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలియని విషయాలు చాలా తక్కువ. ఇప్పుడు యాభై దాటాక లెక్క చూసుకుంటే అవి ఏటేటా పెరుగుతున్నాయి. ఆ వయసులో అన్నిటికన్నా బాగా తెలుసనుకున్న విషయం తలకట్టు. రాయచోటి దగ్గర మా పల్లెలో పదోతరగతి తప్పి ఇంట్లో కూర్చున్న రెండేళ్ళలో, ఎవరి జడ ఎంత, ఎవరి కొప్పు సొంతం, ఎవరిది సవరం అన్నది నేను చూడగానే చెప్పేసేదాన్ని. నా జడ మోకాళ్ళ దాకా ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని పట్టుకు చూసి ఏం నూనె రాస్తావని అడిగేవాళ్ళు, నేను కొబ్బరినూనె అని చెప్పకుండా ఊరికే నవ్వేదాన్ని. (అంత పొగరు.) ఆ జడతోనే కువైట్ వెళ్ళాను. పాస్‌పోర్టులో మాత్రం నాకు ముప్పై ఒకటి. చిన్న వయసు ఆడపిల్లల్ని ఇంటిపనికి పంపరని, నన్ను పంపిన పెద్దమనిషి ఒక్క కలంపోటుతో పన్నెండేళ్ళు కలిపేశాడు. ఆ పుస్తకం విమానం దిగిన రోజే కఫీల్ (నన్ను పనికి రప్పించుకున్న యజమాని) చేతికి, అక్కడినుంచి ఆయన బీరువాలోకి పోయింది. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ముద్ర కూడా అందులోనే. కాబట్టి కువైట్లో నేనెవరో రుజువు చేసే కాగితం ఏదైనా ఉంటే అది తాళం వెనక ఉండేది.

ఇల్లు అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఇంట్లో నాకంటే ముందే పదిహేనేళ్ళుగా ఒక సోమాలీ ఆవిడ ఉండేది. పిల్లల్ని పెంచిందీ వంట చేసేదీ ఆమే. గుమ్మం పైకమ్మికి తల తగులుతుందేమో అన్నంత పొడుగు. నేను పొడుగు ఖాలా అని పేరు పెట్టుకున్నాను. ఎదురుగా మాత్రం ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేదాన్ని, ఆమె నన్ను బింతీ అనేది, అంటే కూతురా అని. మా ఇద్దరి మధ్యా నడిచేది వంటింటి అరబ్బీ. అందులో గిన్నెలకూ బట్టలకూ మాటలున్నాయి గానీ మనసులోని సంగతులకు లేవు.

నన్ను తినేసింది ఆమె తల. ఎప్పుడూ ముదురు నీలం రంగు పల్చటి గుడ్డ బిగించి కట్టి ఉండేది, చెవుల వెనక రెండు ముద్దలు ఉబ్బుకొని కనిపించేవి. ఆ ముద్దల్లో ఏముందో తేల్చుకోకపోతే నాకు అన్నం సయించేది కాదు. బంగారం దాచుకుందని మొదటి నెలంతా నమ్మాను. చివరికి ఒకరోజు ఆమె తలస్నానం చేసి గుడ్డ విప్పి కూర్చుంటే, దువ్వెన తెచ్చిస్తానన్న వంకతో వెళ్ళి చూశాను. వెంట్రుకలే. నడినెత్తిన పాపిడి తీసి, రెండు పాయలు చేసి, రెండు ముద్దలుగా చుట్టింది. నా ముఖం చూసి ఆమెకు నవ్వొచ్చింది. వాళ్ళమ్మా, వాళ్ళమ్మమ్మా అలాగే కట్టేవాళ్ళట. పెళ్ళి కాని పిల్లలకు సన్నసన్నని జడలు చాలా అల్లి భుజాల మీదికి వదిలేస్తారట, పెళ్ళయ్యాక వాటిని విప్పి ఇలా ముద్దలు చుట్టి గుడ్డ కడతారట. తల చూస్తే చాలు, ఈమె పెళ్ళయినదా కానిదా అని అడగక్కర్లేదు. ఇది నాకు బాగా నచ్చింది. మా ఊళ్ళో మెడ చూడాలి, కాళ్ళు చూడాలి, అప్పటికీ అనుమానం తీరదు.

ఆ రోజునుంచి నా ప్రశ్నలకు అంతు లేకుండా పోయింది. ఆమె విసుక్కునేది కాదు. చిన్నపిల్లలకు గుండు కొట్టి అక్కడక్కడా కుచ్చులు వదిలేస్తారని చెప్తే, మేమూ పుట్టెంట్రుకలు తీయిస్తామని, కొందరు పిలక ఉంచుతారని చెప్పాను. ఆమె గదిలో చెక్కతో చేసిన చిన్న వస్తువొకటి ఉండేది, కింద కాడ, పైన వంపు. కొబ్బరి తురుముకునే పీట అనుకుని దానికి తురిమే పళ్ళెక్కడ అని అడిగాను. అది వాళ్ళ నాన్న తలగడ. ఒంటెల వెంట తిరిగే మగవాళ్ళు ఆ కాలంలో జుట్టు గంపలా పెంచి, నెయ్యి పూసి, చెక్క దువ్వెన అందులోనే గుచ్చుకునేవాళ్ళట. పడుకుంటే ఆ గంప అణగకుండా మెడ కింద ఇది పెట్టుకునేవాళ్ళట. నేను ఒక మధ్యాహ్నం దాని మీద పడుకుని చూశాను. మూడు రోజులు మెడ ఒకే దిక్కు చూసింది. మామా (అంటే ఇంటి యజమానురాలు) పిలిస్తే ఒళ్ళంతా తిప్పి పలికేదాన్ని. వినయం ఎక్కువైందని ఆమె సంతోషించింది.

జులై మూడో వారంలో బాబా (అదే, కఫీల్), మామా, పిల్లలూ ఎప్పటిలాగే చల్లని దేశానికి సెలవులకు వెళ్ళారు. ఇల్లు మా ఇద్దరికీ వదిలారు. వాళ్ళు వెళ్ళిన రెండో వారంలో ఒక తెల్లవారుజామున కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఉరుము అనుకున్నాను. ఆ దేశంలో ఆగస్టులో ఉరుమేమిటన్న ఆలోచన నాకు రాలేదు, ఖాలాకు వచ్చింది. డాబా ఎక్కి చూస్తే కువైట్ సిటీ వైపు పొగ. రోడ్డు మీద ట్యాంకులు వరసగా పోతున్నాయి. ఇరాక్ వాళ్ళు దేశంలోకి వచ్చేశారని మధ్యాహ్నానికి తెలిసింది. విదేశాలకు ఫోన్లు పోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఖాలా మాత్రం కిందికి దిగి, కొట్టుగదిలో బియ్యం, పప్పులు, పాలపొడి ఎంతున్నాయో చూసి, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ నీళ్ళు పట్టింది. చివరికి పూలకుండీల కింద పళ్ళేలు కూడా వదల్లేదు. ఇలాంటి కబురు ఆమెకు మొదటిసారి కాదేమోనని అప్పుడు నాకు తోచాలి. తోచలేదు.

నాలుగో రోజున తలుపు చప్పుడైంది. పక్కింట్లోనూ ఒక సోమాలీ ఆవిడ పనిచేసేది, ఆమే. ఆ ఇంటివాళ్ళు కారెక్కి సౌదీ సరిహద్దు వైపు వెళ్ళిపోయారు, కార్లో ఆమెకు చోటు లేదు. చేతిలో ఒక మూట, ఒక నూనె సీసా. ఆమె కాస్త బొద్దుగా ఉండేది, ప్రతి మాటకూ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నవ్వేది. నవ్వుల ఖాలా అన్నాను. అంతకుముందు ఇన్ని నెలల్లో వీళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు. ఒకే దేశం వాళ్ళు గోడకు అటూ ఇటూ ఉండి పలకరించుకోకపోవడం ఏమిటా అనుకునేదాన్ని. ఆ రోజు పొడుగు ఖాలా గడపలో నిలబడి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అంతే.

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ కాసేపు. ఆ నీళ్ళతో వండుకోవాలా, మోకాళ్ళ దాకా ఉన్న నా జుట్టు కడగాలా? పదిహేను రోజుల్లో అది తాడు పేలికలా తయారైంది. కొబ్బరినూనె అయిపోయింది. కత్తిరించేద్దామని పొడుగు ఖాలా అంటే నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. (ఊరి చుట్టూ సైన్యం ఉంది, నేను జడ కోసం ఏడుస్తున్నాను. రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.) అయితే మా పద్ధతిలో అల్లుతాను, నెల దాకా దువ్వక్కర్లేదు అందామె. నవ్వుల ఖాలా వెంటనే పని చేస్తున్న చేయి తుడుచుకుని వచ్చి కూర్చుంది. మా పద్ధతి అంటే ఏ పద్ధతి అని అడిగింది.

అక్కడ మొదలైంది. పొడుగు ఖాలా ఉత్తరం వైపు మనిషి, ఒంటెలూ మేకలూ ఉన్న ఎండు నేల. నవ్వుల ఖాలాది దక్షిణాన ఏటి దగ్గరి ఊరు, అరటి తోటలూ నువ్వు చేలూ ఉన్న తట్టు. ఉత్తరం లెక్కన పెళ్ళి కాని పిల్లకు సన్న జడలు వేలాడాలి. దక్షిణం లెక్కన నెత్తికి అంటుకునేలా వరసలు వరసలుగా, చేలో సాళ్ళు తీసినట్టు, నుదుటినుంచి వెనక్కి అల్లుకుపోవాలి. ఉత్తరం వాళ్ళు నెయ్యి రాస్తారు. దక్షిణం వాళ్ళు నువ్వుల నూనె. నెయ్యి రాస్తే ఎండకు కంపు కొడుతుందని ఈమె, నువ్వుల నూనె వంటకు గానీ తలకు కాదని ఆమె. మొదట అరబ్బీలో నాకు అర్థమయ్యేలా వాదించుకున్నారు, తర్వాత సోమాలీలోకి దిగిపోయారు. నాకు ఒక్క మాటా తెలియకపోయినా, ఇది మా ఊళ్ళో చింతకాయ పచ్చడిలో మెంతులు వేయాలా వద్దా అన్న రకం తగువేనని అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాను.

గంటసేపైనా తెగకపోతే నేనే తీర్పు చెప్పాను. నడినెత్తిన పాపిడి ఉంది కదా, ఎడమ పక్క ఉత్తరానిది, కుడి పక్క దక్షిణానిది అన్నాను. వేళాకోళానికి అన్న మాటను వాళ్ళు నిజంగా తీసుకున్నారు. రెండు రోజులు పట్టింది. నేను నేల మీద, నాకు అటొకరు ఇటొకరు. ఎడమ వైపు లాగినప్పుడు తల ఎడమకు, కుడి వైపు లాగినప్పుడు కుడికి. ఒకామె చేయి పాపిడి దాటి అవతలికి వస్తే రెండో ఆమె దువ్వెనతో ఆ వేలి మీద కొట్టేది. మధ్యమధ్యలో బయట తుపాకి శబ్దం వినిపించినా నాలుగు చేతులూ ఆగేవి కావు. పని ముగిశాక అద్దంలో చూసుకుంటే ఎడమ చెవి వైపు ముప్పై నలభై సన్న జడలు వేలాడుతున్నాయి, కుడి వైపు నున్నగా దున్నిన చేను. ఒక పక్క నేతి వాసన, ఇంకో పక్క నువ్వుల వాసన. నాకు ఆకలి మండిపోయింది.

ఆ వారంలోనే తెలిసింది, మన దేశం వాళ్ళ పేర్లు రాసుకుంటున్నారని, బస్రా మీదుగా బస్సుల్లో అమ్మాన్ దాకా తీసుకెళ్ళి అక్కడ విమానం ఎక్కిస్తారని. రాసుకునే చోటు మాకు అరగంట నడక దూరంలో ఒక బడి ఆవరణ. దారిలో ఒక సైనికుల అడ్డా ఉంది. ఒంటరి ఆడపిల్లగా వెళ్ళొద్దని, పెళ్ళయిన సోమాలీ దానిలా వెళ్ళాలని పొడుగు ఖాలా తేల్చింది. జడలన్నీ కలిపి రెండు ముద్దలు చుట్టి నీలం గుడ్డ బిగించింది. బస్రానుంచి వచ్చిన కుర్రాడికి మీ ఉత్తరం వాళ్ళ ముద్దల భాష ఏం తెలుస్తుంది అని నవ్వుల ఖాలా దాని మీద తన పూల పట్టు రుమాలు, వాళ్ళ మాటలో షాష్, చుట్టి వెనక ముడి వేసింది. (ఆమె మాటే నిజమని ఇప్పుడు అనిపిస్తుంది.) పొడుగు ఖాలా గౌను నేను వేసుకుంటే అది నాకన్నా మూరెడు ముందే ఊడ్చుకుంటూ పోయింది.

తోడు పొడుగు ఖాలా వచ్చింది. అడ్డా దగ్గర సైనికుడికి నా వయసే ఉంటుంది. ఎండలో ముఖం మాడిపోయి ఉంది. ఎక్కడివాళ్ళని అడిగాడు. సోమాలియా అంది ఖాలా. నన్ను చూపించి ఇదెవరన్నాడు. తమ్ముడి పెళ్ళాం, అరబ్బీ రాదు అంది. మొగుడి పేరేమిటని అతను నన్నే సూటిగా అడిగాడు. ఒక్క సోమాలీ మగవాడి పేరైనా నేర్చుకుని రావాలని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నేను షాష్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచాను. నటన కాదు, భయం. ఖాలా తొణక్కుండా మా ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు అంది. అతను కాసేపు చూసి, మా అమ్మ కూడా అంతే అని, చేత్తో పొమ్మన్నట్టు చూపించాడు. నడుస్తుంటే నాకొకటే ఆశ్చర్యం, మా అమ్మ కూడా అంతే కదా అని.

సైనికుడిని దాటాను గానీ అసలు కష్టం బడిలో ఉంది. బల్ల వెనక కళ్ళజోడుతో విజయవాడ ఇంజనీరు సారొకాయన పేర్లు రాస్తున్నాడు. పక్కనే ఆయన భార్య మంచినీళ్ళ కూజా దగ్గర కూర్చుని ఉంది. నా వంతు రాగానే ఆయన తల ఎత్తి, ఇది ఇండియన్స్ లైను అని ఇంగ్లీషులో, తర్వాత హిందీలో చెప్పాడు.

“నేనూ మన్దాన్నే సార్. రాయచోటి కాడ్నించి వచ్చినా,” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తెలుగు బాగానే నేర్చుకున్నావే. ఎవరింట్లో పనిచేసేదానివమ్మా?”

నేర్చుకోలేదు సార్, పుట్టిందే దాంట్లో అని చెప్పినా ఆయన నమ్మలేదు. తప్పు ఆయనదీ కాదు. ఆ ఎండకు నల్లబడ్డ ముఖం, ఆ గౌను, ఆ షాష్, వెనక కంబంలా ఖాలా. పైగా బస్సు సీటు కోసం ఏదో ఒకటి చెప్పి వచ్చేవాళ్ళు రోజూ ఉన్నారట. పాస్‌పోర్టు లేదు, ఇఖామా లేదు. సరే, పరీక్ష పెడతానన్నాడు. కూరలో వేసే ఉల్లిపాయను మీ ఊళ్ళో ఏమంటారన్నాడు. గట్టెక్కాననుకుని ఎర్రగడ్డ అన్నాను. ఆయన నిట్టూర్చి, “ఎర్రగడ్డ హైదరాబాదులో ఒక పేటమ్మా,” అన్నాడు. పొద్దున ఏం తింటావంటే సంగటి అన్నాను. ఆ మాట ఆయన ఎప్పుడూ విన్నట్టు లేదు. ఆఖరికి, మన ఆడపిల్ల తల చూస్తే తెలిసిపోతుంది కదా అని నా బుర్రకు తోచి షాష్ లాగేసి, నీలం గుడ్డ కూడా విప్పేశాను. ఎడమ వైపునుంచి నలభై జడలు జలజలా రాలి పడ్డాయి. కుడి వైపు చేను. వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. సారు కలం బల్ల మీద పెట్టి, తర్వాతి వాళ్ళు రండి అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్సు తప్పితే ఇంకెప్పుడో, అసలు ఉందో లేదో. పక్కకు జరుగుతూ నాలో నేనే గొణుక్కున్నాను. “ఈయప్పకు మన మాట్లే తెలీవు, మల్ల మన పేర్లు రాసేకి కూచున్యాడు.”

కూజా దగ్గర ఆవిడ పగలబడి నవ్వింది. నా చేయి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చి, “రాయండి. నేర్చుకున్న తెలుగులో ఎవరూ ఇంత చక్కగా తిట్టలేరు,” అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ రాశాడు. వయసు ముప్పై ఒకటి అని చెప్పినప్పుడు మరొక్కసారి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు ధైర్యమొచ్చి, మా ఖాలాలు ఇద్దరినీ రాసుకోండి సార్ అన్నాను. ఆయన కసురుకోలేదు. వాళ్ళ దేశం వాళ్ళు చూసుకోవాలమ్మా, మన చేతుల్లో లేదు అని మెల్లగా చెప్పాడు. తిరిగి నడుస్తూ, ఖాలా ఆయనేమన్నాడని అడిగితే, మీ దేశం వాళ్ళు కూడా బస్సులు పంపుతారన్నాడని అబద్ధం చెప్పాను. ఆమె ఆ వంటింటి అరబ్బీలోనే, ఏదో బట్టలు ఆరేసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఉత్తరాన వాళ్ళ ఊరు లేదట. రెండేళ్ళ కింద వాళ్ళ సర్కారు విమానాలే దాని మీద బాంబులు వేశాయట. ఆ సైన్యంలో నవ్వుల ఖాలా తమ్ముడు సిపాయట.

నేను నడి రోడ్డు మీద ఆగిపోయాను. మరి ఆమెను ఇంట్లోకి ఎందుకు రానిచ్చావని అడిగాను.

“ఒక్కతే వచ్చింది. తలుపు కొట్టింది,” అంది ఖాలా.

ఆమెకు తెలుసా అన్నాను.

“తెలుసు. అందుకే జడల గురించి పోట్లాడుకుంటాం. మిగతాది మాట్లాడితే ఒక ఇంట్లో ఉండలేం.”

మూడో రోజున బస్సు. ఇద్దరూ గేటు దాకా వచ్చారు. ఒకరు కాల్చిన రొట్టెలు, ఒకరు ఖర్జూరాలు మూట కట్టారు. ఎవరి వైపు జడలు వాళ్ళు ఒకసారి సర్దారు. పొడుగు ఖాలా చేయి పొరపాటున పాపిడి దాటి కుడి వైపు వెళ్ళింది, నవ్వుల ఖాలా ఈసారి కొట్టలేదు. యల్లా, ఇక పదండి అన్నాడు డ్రైవరు. అమ్మాన్ బయట గుడారాల్లో పన్నెండు రోజులు, తర్వాత బొంబాయి, తర్వాత మా ఊరు. ఊరంతా యుద్ధం కబుర్లు వినడానికి వచ్చి, నా తల చూసి యుద్ధం మర్చిపోయారు. మా అమ్మ జడలు విప్పడానికి కూర్చుని, “యా పక్కనుంచి మొదలుపెట్టాల్నే?” అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. రెండు పక్కలా ఒకేసారి విప్పడానికి పక్కింటి అవ్వను పిలిచింది.

వాళ్ళిద్దరి సంగతి తర్వాత ఏమైందో నాకు తెలియదు. కువైట్ మళ్ళీ కుదుటపడ్డాక ఆ ఇంటికి ఉత్తరం రాయించాను, జవాబు రాలేదు. మొన్నామధ్య మా మనవరాలు ఫోనులో సోమాలియా పటం తీసి, నీ ఖాలాలు ఎక్కడోళ్ళు జేజీ అని అడిగింది. పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టాను. ఊరి పేర్లేమిటంది. అడగలేదు. వాళ్ళ పేర్లేమిటంది. అదీ అడగలేదు. చిన్న వయసులో ఏదో ఒక పేరు తడుముకోకుండా చెప్పేసి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ చిన్న అద్దం మీద నా రెండు వేళ్ళ మధ్య అంగుళం చోటు కూడా లేకపోవడం చూసి నవ్వుకుని, జడలు మాత్రం చాలా బాగా వేస్తారే అన్నాను.